జ్వరానికి రెండు లెక్కలు



ఈ ఉత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నేను కొంచెం వెనుకాడాను. రాజుల గురించి, కవుల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు, సైన్సు చెప్పినదానిని. నా చదువంతా ఇంగ్లీషులోనూ మలాయ్ లోనూ సాగింది. ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప తెలుగు అక్షరాలు నాకు తెలియవు. నలభై ఏళ్ళు దాటిన తరువాత సంఘం వారి సాయంకాలపు తరగతిలో, చిన్నపిల్లల పక్కన కూర్చుని వాటిని నేర్చుకున్నాను. కనుక భాషలో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించాలి.

నాకు బాగా తెలిసిన చరిత్ర ఒకటి ఉన్నది. అది థర్మామీటరు మీద ఉండే గీతల చరిత్ర. ఇంత చిన్న విషయానికి చరిత్ర ఏమిటని మీరు అనుకోవచ్చు. కాని మా ఇంట్లో ఆ గీతల వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.

ముందు ఈ మధ్య జరిగిన ఒక చిన్న మాట. విశాఖపట్నం నుంచి మా బంధువుల అమ్మాయి ఫోను చేసింది. "పిల్లాడికి రాత్రి నుంచి నూట రెండు ఉంది పిన్నీ" అన్నది. పక్కనే ఉన్న మా మనుమడు ఉలిక్కిపడ్డాడు. "అమ్మమ్మా, నూరు డిగ్రీలకే నీళ్ళు మరుగుతాయి కదా! నూట రెండు ఎలా ఉంటుంది?" అని అడిగాడు. వాడు పుట్టి పెరిగిన మలేసియాలో జ్వరం అంటే 38, 39. ఇండియాలో మాత్రం వాతావరణ వార్తలు సెంటిగ్రేడులో చెబుతారు, ఇంట్లో జ్వరాన్ని ఇప్పటికీ చాలామంది ఫారన్‌హీటులోనే చెప్పుకుంటారు. ఒకే కుటుంబం, ఒకే జ్వరం, రెండు లెక్కలు. ఈ రెండు లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో వాడికి చెప్పడం మొదలుపెట్టాను. అదే ఈ వ్యాసం అయింది.

అంకె లేని వేడి

మన పూర్వులకు వేడిని గుర్తించడం తెలియక కాదు. తెలుగులో ఉన్న మాటలు చూడండి. చల్లన, నులివెచ్చన, గోరువెచ్చన, వెచ్చన, వేడి, సలసల కాగడం. ఇవి నిచ్చెన మెట్ల వలె ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్ళు అంటే ఏ తల్లికీ వేరే వివరం అక్కరలేదు. ఎండలకు కార్తెల లెక్క ఉన్నది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అన్నారు. జ్వరం వస్తే ఇంట్లో పెద్దావిడ చేయి తిరగేసి నుదుటి మీద పెట్టి, "ఒళ్ళు పెనంలా కాలిపోతోంది" అనేది.

కాని చేతికి ఒక లోపం ఉన్నది. బడిలో నేను ప్రతి ఏడూ ఒక ప్రయోగం చేయించేదానిని. మూడు గిన్నెలు పెట్టండి. ఒక దానిలో వేడినీళ్ళు, ఒక దానిలో మంచునీళ్ళు, మధ్యలో గోరువెచ్చని నీళ్ళు. ఒక చేయి వేడినీళ్ళలో, రెండవ చేయి మంచునీళ్ళలో కొంతసేపు ఉంచి, రెండు చేతులూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. ఒక చేయి చల్లగా ఉన్నదంటుంది, మరొకటి వేడిగా ఉన్నదంటుంది. నీళ్ళు మాత్రం ఒక్కటే. చేయి పోల్చగలదు గాని కొలవలేదు. పిల్లలకు ఇది ఒకసారి చూపిస్తే జీవితమంతా గుర్తుంటుంది.

గాజు గొట్టంలో గీతలు

16వ శతాబ్దం చివర ఇటలీలో గెలీలియో ఒక గాజు బుడ్డికి సన్నని గొట్టం అమర్చి నీటిలో తలక్రిందులుగా నిలిపాడు. బుడ్డిలోని గాలి వేడెక్కితే వ్యాకోచించి గొట్టంలోని నీటిని కిందికి తోసేది, చల్లబడితే నీరు పైకి ఎక్కేది. వేడి మారుతున్నదని అది చూపించింది గాని ఎంత అని చెప్పలేదు. పాడువా నగరపు వైద్యుడు సాంటోరియో దానికి గీతలు పెట్టి రోగుల వేడిని పరీక్షించాడు. 1612లో అచ్చయిన తన గ్రంథంలో దానిని ప్రస్తావించాడు. అయితే ఆ పరికరంలో గొట్టం చివర తెరిచి ఉండటం వల్ల గాలి పీడనం మారినప్పుడల్లా నీటిమట్టం కూడా మారిపోయేది. వాన పట్టబోతుంటే మనిషికి జ్వరం ఉన్నట్టు చూపించవచ్చు!

ఆ కష్టాన్ని తీర్చినవారు ఫ్లోరెన్సు నగరవాసులు. అక్కడి ప్రభువు రెండవ ఫెర్డినాండో ప్రోత్సాహంతో 1650ల ప్రాంతంలో సారాయి నింపి రెండు కొసలూ మూసివేసిన గాజు థర్మామీటర్లు తయారయ్యాయి. గాలి పీడనం బెడద పోయింది.

కాని మరొక బెడద మిగిలింది. ఒక్కొక్క పనివాడు తనకు తోచినట్టు గీతలు పెట్టేవాడు. ఒకని 20 మరొకనికి 35. ఒక ఊరి వేడిని మరొక ఊరి వేడితో పోల్చడం కుదరదు. పూర్వం మన ఊళ్ళలో ఒక ఊరి కుంచం మరొక ఊరి కుంచంతో సరిపడకపోయినట్టే ఇదీ. అందరికీ దొరికే, ఎప్పుడూ మారని రెండు గుర్తులు కావాలి. ఆ రెంటి మధ్య దూరాన్ని సమానంగా పంచుకోవాలి. ఏ రెండు గుర్తులు, ఎన్ని భాగాలు అన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

తల్లిదండ్రులు లేని కుర్రవాడు

డేనియల్ గేబ్రియల్ ఫారన్‌హీట్ 1686లో బాల్టిక్ సముద్రతీరాన డాన్‌జిగ్ రేవులో పుట్టాడు. ఆ ఊరు నేడు పోలెండులో గ్డాన్‌స్క్ అనే పేరుతో ఉన్నది. 1701లో విషపు పుట్టగొడుగులు తిని అతని తల్లీ తండ్రీ ఒకే రోజున మరణించారు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు. సంరక్షకులు అతనిని వ్యాపారం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డాం పంపించారు. అతని మనసు మాత్రం గాజు పరికరాల మీదికి పోయింది. చేతిలోని సొమ్మంతా వాటికే ఖర్చు చేస్తున్నాడని సంరక్షకులు విసిగిపోయి, అతనిని పట్టుకుని డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలో తూర్పు దీవులకు పంపించివేయాలని ప్రయత్నించారు. అంటే మన పొరుగున ఉన్న జావా వైపు! మన తాతలను ఓడ ఎక్కించినవారు ఉన్నారు, కాని ఫారన్‌హీట్ మాత్రం ఆ ఓడ ఎక్కకుండా తప్పించుకుని ఊరూరా తిరిగాడు.

1708లో కోపెన్‌హాగెన్‌లో రోమర్ అనే పండితుని చూశాడు. కాంతికి వేగం ఉన్నదని 1676లో చూపించిన మహానుభావుడు ఈయనే. రోమర్ తన థర్మామీటరు మీద నీరు మరిగే చోట 60, మంచు కరిగే చోట ఏడున్నర పెట్టుకున్నాడు. ఆ లెక్కలో మనిషి ఒంటి వేడి సుమారు ఇరవై రెండున్నర. ఈ అరలు ఫారన్‌హీటుకు నచ్చలేదు. అన్నింటినీ నాలుగింతలు చేసి, తరువాత కొంచెం సవరించి, మంచు కరిగే చోట 32, ఒంటి వేడికి 96 పెట్టాడు. అన్నింటికంటే కింద, మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమపు చల్లదనానికి సున్న పెట్టాడు.

32 అనే అంకె ఎందుకని నా దగ్గర చదువుకున్న పిల్లలందరూ అడిగారు. 96లో 32 తీసివేయండి. 64 వస్తుంది. 64ను సగం చేయండి, మళ్ళీ సగం చేయండి, అలా ఆరుసార్లు చేస్తే ఒకటి వస్తుంది. గాజు గొట్టం మీద గీతలు గీసే పనివాడికి సగానికి సగం విడదీయడం కంటే తేలిక ఏమున్నది? మనకు వింతగా కనిపించే అంకె అతని చేతికి సుఖమైన అంకె.

అతని గొప్పతనం అంకెలలో లేదు. 1714లో అతను రెండు థర్మామీటర్లు చేసి క్రిస్టియన్ వోల్ఫ్ అనే జర్మను పండితునికి ఇచ్చాడు. ఏ గదిలో పెట్టినా ఆ రెండూ ఒకే మాట చెప్పాయి. ఈనాడు మనకు ఇది చాలా మామూలు సంగతి. ఆ కాలంలో రెండు థర్మామీటర్లు ఒకే మాట చెప్పడం ఎంత వింత అంటే వోల్ఫ్ దాని గురించి పత్రికలో వ్రాశాడు. ఆ తరువాత ఫారన్‌హీట్ సారాయికి బదులు పాదరసం వాడి ఇంకా నమ్మకమైన పరికరాలు చేశాడు. 1724లో లండను రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా చేర్చుకున్నది. అదే సంవత్సరం తన కొలతలను ఆ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. 1736లో ఏభయ్యవ ఏట మరణించాడు. ఇంగ్లీషువారు అతని లెక్కను చేపట్టారు. వారు పోయిన చోటికల్లా అదీ పోయింది. మద్రాసుకూ పోయింది, మలయాకూ వచ్చింది.

ఒక్క సవరణ మాత్రం అతని వెనుక జరిగింది. ఒంటి వేడి అందరికీ ఒకటి కాదని తెలిసి, మంచు కరిగే 32ను, నీరు మరిగే 212ను స్థిరమైన గుర్తులుగా తీసుకున్నారు. ఆ రెంటి మధ్య 180 భాగాలు. దానితో ఒంటి వేడి 96 నుంచి పైకి జరిగిపోయింది.

తలక్రిందుల లెక్క

ఐరోపాలో ఇతరులు వేరే దారులు పట్టారు. ఫ్రాన్సులో రియోమూర్ 1730లో మంచుకు సున్న, మరిగే నీటికి 80 పెట్టాడు. పీటర్ చక్రవర్తి పిలుపుతో రష్యాకు వెళ్ళిన డెలిల్ అనే ఖగోళ పండితుడు 1732లో మరిగే నీటికి సున్న పెట్టి, చల్లదనం పెరిగే కొద్దీ అంకె పెరిగేటట్టు గీతలు పెట్టాడు. ఆ లెక్కలో మంచు 150 అయింది.

స్వీడనులోని ఉప్సాలా నగరంలో ఆండర్స్ సెల్సియస్ 1701లో పుట్టాడు. ఈయన కూడా ఖగోళ పండితుడే. భూమి ఆకారం తేల్చడానికి 1736లో మోపెర్‌ట్యూయీ నాయకత్వాన లాప్‌లాండు మంచు ప్రాంతానికి వెళ్ళిన బృందంలో ఈయన ఒకరు. 1742లో తన థర్మామీటరును గురించి వ్యాసం చదివాడు. మంచు ఎక్కడ కరిగినా ఒకే చోట కరుగుతుందనీ, నీరు మరిగే చోటు మాత్రం గాలి పీడనాన్ని బట్టి మారుతుందనీ జాగ్రత్తగా కొలిచి చూపించాడు. కొండ మీద అన్నం ఉడకడానికి ఆలస్యం ఎందుకో ఇందులోనే ఉన్నది. ఆ రెంటి మధ్య సరిగ్గా 100 భాగాలు చేశాడు.

ఇక్కడ పిల్లలు నవ్వే సంగతి ఒకటి ఉన్నది. సెల్సియస్ పెట్టిన లెక్కలో మరిగే నీరు సున్న, మంచు నూరు. ఆ లెక్కలో మనకు జ్వరం వస్తే అంకె తగ్గుతుంది. ఆయన 1744లో క్షయవ్యాధితో, నలభై రెండేళ్ళకే పోయాడు. ఆయన లెక్కను తిరగవేసి మంచును సున్న, మరిగే నీటిని నూరు చేసిన ఘనత ఎవరిదన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఫ్రాన్సులోని లియాన్ నగరవాసి క్రిస్టిన్ 1743లోనే అటువంటి థర్మామీటరు చేయించాడు. స్వీడనులో లినేయస్, స్ట్రోమర్, పరికరాల పనివాడు ఎక్‌స్ట్రోమ్ పేర్లు చెబుతారు. ఈ విధంగా ఈనాటి సెల్సియస్ లెక్క సెల్సియస్ పెట్టింది కాదు, ఈనాటి ఫారన్‌హీట్ లెక్క సరిగ్గా ఫారన్‌హీట్ పెట్టిందీ కాదు. అయినా పేర్లు నిలిచిపోయాయి. చాలాకాలం సెంటిగ్రేడు అని పిలిచిన డిగ్రీకి 1948లో అంతర్జాతీయ సభవారు సెల్సియస్ అని పేరు స్థిరపరచారు.

మూడవ లెక్క ఒకటి ఉన్నది. 1848లో గ్లాస్గో ఆచార్యుడు విలియం థామ్సన్, తరువాతి కాలపు కెల్విన్ ప్రభువు, ఏ పదార్థం మీదా ఆధారపడని లెక్క ఒకటి కావాలన్నాడు. దాని సున్నను పరమశూన్యం అంటారు. అంతకంటే కింద చల్లదనం లేదు. సెల్సియస్ లెక్కలో అది సున్నకు కింద 273.15. కెల్విన్ అంకె కావాలంటే సెల్సియస్ అంకెకు 273.15 కలిపితే చాలు. 2019 మే 20 నుంచి ఈ కొలతకు నీటితో కూడా పని లేకుండా బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో నిర్వచనం చెప్పారు. అది శాస్త్రజ్ఞుల లెక్క. ఇంట్లో మనకు మొదటి రెండే చాలు.

98.6 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక జ్వరం సంగతి. జర్మనీలో లైప్‌జిగ్ నగరపు వైద్యుడు వుండర్‌లిష్ సుమారు 25,000 మంది రోగుల చంకలో థర్మామీటరు పెట్టి పది లక్షలకు పైగా కొలతలు సేకరించి 1868లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ రోజులలో థర్మామీటరు సుమారు అడుగు పొడవు ఉండేది. ఒక్కొక్క రోగి దగ్గర పావుగంటకు పైగా కూర్చోవాలి. ఇంగ్లండులో ఆల్‌బట్ అనే వైద్యుడు 1866 ప్రాంతంలో జేబులో పట్టే ఆరంగుళాల థర్మామీటరు చేయించాడు. అది అయిదు నిమిషాలలో పని ముగించేది. అక్కడి నుంచి థర్మామీటరు వైద్యుని సంచిలో చేరింది.

జ్వరం అనేది జబ్బు కాదు, జబ్బుకు గుర్తు అని వుండర్‌లిష్ గట్టిగా చెప్పాడు. ఆరోగ్యవంతుని ఒంటి వేడి సగటున 37 సెంటిగ్రేడు అన్నాడు. ఆ 37ను ఫారన్‌హీటులోకి మార్చితే 98.6 వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగండి. 37 అనేది గుండ్రని అంకె. దగ్గర దగ్గరగా 37 అని అర్థం. అరడిగ్రీ అటు ఇటు, అంటే 36.5 నుంచి 37.5 దాకా ఉన్నా మనం 37 అంటాము. ఫారన్‌హీటులో అది 97.7 నుంచి 99.5 దాకా. కాని 98.6 అని వ్రాయగానే పదవ వంతు దాకా ఎవరో సరిచూసి చెప్పినట్టు కనిపిస్తుంది. ఆ దశాంశం మనిషి ఒంటి నుంచి రాలేదు, గుణకారం నుంచి వచ్చింది. 1992లో అమెరికాలో మేరీలాండ్ వైద్యులు 148 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి సగటు 98.2 అన్నారు. సెల్సియస్‌లో అది 36.8. ఒంటి వేడి పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది, మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంటుంది. అయినా 98.6 కంటే రెండు గీతలు పెరిగితే కంగారు పడిన తల్లులు ఎందరో. లెక్క మార్చినప్పుడు అంకె మారుతుంది గాని కొలిచినవాడి కొలతకు లేని సూక్ష్మత కొత్తగా రాదు. నేను పిల్లలకు మొదట చెప్పే పాఠం ఇది.

మా ఇంట్లో జరిగింది

మలేసియాలో 1972లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. గజాలు, మైళ్ళు, పౌనులు ఒక్కొక్కటిగా సెలవు తీసుకున్నాయి. నా చిన్నతనంలో ఎండగా ఉన్న రోజును 90 అనేవారు. నేను పెద్ద చదువుకు వచ్చేసరికి అదే ఎండ 32 అయింది. బడిలో మాకు చెప్పారు. తోటలోని పెద్దలకు ఎవరు చెప్పారు?

మా నాయనమ్మ 1920లలో విశాఖపట్నం జిల్లా నుంచి మా తాతయ్యతో పేరాక్‌లోని కొబ్బరి తోటకు వచ్చింది. ఆమెకు చదువు లేదు. కాని అంకెలు గట్టిగా తెలుసు. తోట దవాఖానాలో డ్రెస్సరు థర్మామీటరు చూసి అంకె చెప్పేవాడట. నూరు దాటితే ఆ పూట పనికి పోనక్కరలేదు. నూట మూడు దాటితే లారీ ఎక్కించి పట్నం ఆసుపత్రికి పంపిస్తారు. అయిదుగురు పిల్లలను ఆమె ఆ రెండు అంకెల మీద పెంచింది.

1984లో, నేను ఉద్యోగంలో చేరిన రెండవ సంవత్సరం, ఇంట్లోని పాత థర్మామీటరు పగిలిపోతే పట్నంలో కొత్తది కొన్నాను. దాని మీద సెల్సియస్ గీతలే ఉన్నాయి. నేను లెక్కల టీచరును కదా, అదేమీ ఆలోచించలేదు. ఆ నెలలోనే నాయనమ్మకు దగ్గు, జ్వరం వచ్చాయి. ఒక రోజు తెల్లవారుజామున థర్మామీటరు పెట్టి చూస్తే 39.5 ఉన్నది. బస్సుకు వేళయింది. "నాయనమ్మా, ముప్పయి తొమ్మిదిన్నర ఉంది. నాన్నతో ఆసుపత్రికి వెళ్ళు" అని చెప్పి బడికి పోయాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చాప మీదే ఉన్నది. ఊపిరి ఎగపోస్తున్నది. ఎందుకు తీసుకువెళ్ళలేదని నాన్నను అడిగాను. "ముప్పయి తొమ్మిదేనట, జొరం దిగిపోనాది, నూట మూడయితే గదా ఎల్లాల" అని నాయనమ్మ చెప్పిందట. నాన్న కూడా ఆ పాత అంకెల మీద పెరిగినవాడే. ఆయనా నమ్మాడు. 39.5 అంటే ఫారన్‌హీటులో 103.1. ఆమె నియమం ప్రకారమే లారీ ఎక్కవలసిన జ్వరం అది.

ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయాము. న్యుమోనియా అన్నారు. పొద్దున్నే వచ్చి ఉండవలసింది అన్నారు. పదకొండు రోజులు ఉండి బ్రతికి బయటపడింది. కాని ఆ తరువాత ఆమెకు మునుపటి ఊపిరి రాలేదు. గుడి దాకా నడవడానికి మధ్యలో రెండుసార్లు కూర్చునేది.

అదే రోజు నేను బడిలో నల్లబల్ల మీద సెల్సియస్ నుంచి ఫారన్‌హీటుకు మార్చే సూత్రం వ్రాసి, నలభై మంది పిల్లల చేత పది లెక్కలు చేయించాను. ఇంట్లో ఒక్క లెక్క చేయలేదు.

నాయనమ్మ నన్ను కోప్పడలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఒకసారి మాత్రం అన్నది. "నాకు తెలిసిన నెక్కలో సెప్పుంటే అప్పుడే ఎల్లిపోదును గదే అమ్మీ!"

మార్చే పద్ధతి

అందుచేత పిల్లలూ, పెద్దలూ, ఈ పద్ధతి తెలుసుకోండి.

మంచు నుంచి మరిగే నీటి దాకా సెల్సియస్‌లో 100 మెట్లు, ఫారన్‌హీటులో 180 మెట్లు. కనుక ఒక సెల్సియస్ మెట్టు 1.8 ఫారన్‌హీటు మెట్లకు సమానం. ఒకటి సున్న దగ్గర మొదలైతే రెండవది 32 దగ్గర మొదలవుతుంది. కనుక సెల్సియస్ అంకెను 1.8తో గుణించి 32 కలపాలి. వెనుకకు రావాలంటే ముందు 32 తీసివేసి తరువాత 1.8తో భాగించాలి. పరీక్షలలో మార్కులు పోయేది ఈ వరుస తప్పడం వల్లనే.

నోటి లెక్కకు తేలిక మార్గం ఉన్నది. అంకెను రెట్టింపు చేయండి, వచ్చిన దానిలో పదవ వంతు తీసివేయండి, 32 కలపండి. 39ని రెట్టింపు చేస్తే 78. పదవ వంతు 7.8 తీసివేస్తే 70.2. దానికి 32 కలిపితే 102.2. విశాఖపట్నం పిల్లవాడి జ్వరం ఇదే.

జ్వరానికి నాలుగు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. 37 అంటే 98.6. 38 అంటే 100.4. 39 అంటే 102.2. 40 అంటే 104. వాతావరణానికి ఇంకా తేలిక. 16ను తిరగవేస్తే 61, 28ని తిరగవేస్తే 82. ఈ రెండూ దాదాపు సరిపోతాయి. రెండు లెక్కలూ కలిసే చోటు ఒక్కటే ఉన్నది, సున్నకు కింద 40. అక్కడ ఏ లెక్కలో చెప్పినా ఒకటే.

ఒక పొరపాటు చదువుకున్నవారు కూడా చేస్తారు. ఉన్న వేడి వేరు, పెరిగిన వేడి వేరు. భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 సెల్సియస్ డిగ్రీల లోపల ఆపడానికి ప్రయత్నించాలని 2015లో పారిస్ ఒప్పందంలో వ్రాసుకున్నారు. దానిని ఫారన్‌హీటులో చెప్పాలంటే 1.8తో గుణిస్తే చాలు, 2.7 వస్తుంది. ఇక్కడ 32 కలపకూడదు. కలిపితే 34.7 అవుతుంది. భూమి అంత వేడెక్కితే ఇటువంటి సంచికలు చదవడానికి ఎవరూ మిగలరు.

చివరి మాట

2013లో జపానులో కుదిరిన మినమాటా ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పాదరసపు థర్మామీటర్ల తయారీ 2020తో ఆగిపోవాలని నిర్ణయించారు. అదే ఏడు కోవిడ్ వచ్చి, దుకాణాల గుమ్మాల దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటర్లు వచ్చాయి. మన దగ్గర 37.5 దాటితే లోపలికి రానివ్వలేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ థర్మామీటర్లు చాలావాటిలో ఒక మీట నొక్కితే లెక్క మారిపోతుంది. ఇక ఈ సూత్రం ఎందుకని మా మనుమడు అడిగాడు. మీట నొక్కితే అంకె మారుతుంది, నిజమే. కాని ఎదుటి మనిషికి ఏ లెక్క అలవాటో ఆ మీటకు తెలియదు. అది మనమే తెలుసుకోవాలి.

మా సాయంకాలపు తరగతిలో ఇప్పుడు నేను చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. ప్రతి పిల్లవాని నోటుపుస్తకం అట్ట లోపల ఆ నాలుగు జ్వరం అంకెలు రెండు వరుసలలో తెలుగులో వ్రాయిస్తాను. ఇంటికి వెళ్ళి అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించమంటాను. రెండు లెక్కలు తెలిసినవారే మార్చి చెప్పాలి. తెలియని వారిని మార్చుకోమనడం న్యాయం కాదు.

అంకె చెప్పేటప్పుడు అది ఏ లెక్కలోనిదో కూడా చెప్పండి. అది ఎక్కువో తక్కువో కూడా చెప్పండి. ఆ పొద్దున నేను చెప్పవలసిన మాట, "నాయనమ్మా, నూట మూడు దాటింది, లేచి పద."